మూడో బోగీలో మాటకారి

గ్రంథాలయం,
సోమవారం.

స్టేషన్ వెనక వీధి, నీలం గేటు ఇంటి ఇల్లాలికి, గ్రంథాలయం తరఫున నమస్కారాలతో రాయునది.

మన ఊరి ప్రముఖుల మీద మా లైబ్రరీ ఒక చిన్న పుస్తకం వేస్తోంది. ఎవరు ప్రముఖులో మేం తేల్చడం బాగుండదని, లైబ్రరీలో ఒకటి, రైల్వే స్టేషన్లో ఒకటి పెట్టెలు పెట్టి ఊరివాళ్లనే పేర్లు రాసి వేయమన్నాం. తొమ్మిదిమంది తేలారు. దేశం తరఫున పరుగుపందెంలో పాల్గొన్న పిండిమర యజమాని, మూడు తరాలకు ఈత నేర్పిన రిటైర్డ్ నర్సు, కప్పల మీద పుస్తకం రాసిన పళ్ల డాక్టరు, వీళ్లంతా మీకు తెలిసినవారే. రెండు వందల పన్నెండు ఓట్లతో రెండో స్థానంలో నిలిచినవారు మీ భర్తగారు.

కారణం రాయమన్నచోట దాదాపు అందరూ ఒకే సంగతి రాశారు. ఆయన గొప్ప మాటకారి అని, నవ్వించి చంపుతారని, ఆదివారాలు ఆయన మాటలు లేక తోచడం లేదని.

కాబట్టి ఆయన బాల్యం, చదువు, అభిరుచులు ఒక పేజీలో రాసి, నవ్వుతున్న ఫొటో ఒకటి జతచేసి పంపగలరు. పుస్తకం విడుదల సభ రోజున ఆయన్ను ఆశ్చర్యపరచాలని మా కోరిక. అందుచేత ఆయనకు మాత్రం చెప్పకండి.

మీ సహకారం ఆశించే
లైబ్రేరియన్.

తా.క. పళ్ల డాక్టరు గారికి వచ్చిన ఓట్లు పంతొమ్మిది. అందులో పదకొండు ఒకే చేతిరాతలో ఉన్నాయి. ఇది మన మధ్యనే ఉండనివ్వండి.

---

నీలం గేటు ఇల్లు,
బుధవారం.

లైబ్రరీ మేడమ్ గారికి నమస్కరించి రాసేది ఏమంటే, మీ ఉత్తరం పొరపాటున మా ఇంటికి వచ్చింది.

మా ఆయన పట్నంలో తాళాల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ప్రతి తాళానికి దాని చెవి సరిపోతోందో లేదో చూడటం ఆయన పని. పొద్దస్తమానం తాళాలు తీసి తీసి, ఇంటికొచ్చి నోటికి వేసుకుంటారు. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. రోజుకు నాలుగు మాటలు. నీళ్లు, చాలు, సరే, ఊఁ. ఇందులో ఊఁ అన్నదాన్ని మాట కింద లెక్కేయొచ్చో లేదో చదువుకున్నవారు, మీరే చెప్పాలి. నన్ను పిలవాలంటే ఒకసారి దగ్గుతారు. అంతే.

అలాంటి మనిషి నవ్వించి చంపుతారని చదివి నేను గుమ్మంలోనే చతికిలపడ్డాను. రెండొందల పన్నెండు మందా? మా పెళ్లికి వచ్చిందే అరవైమంది. అందులో పెళ్లికొడుకు గొంతు విన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో.

ఆయన చెడ్డవారని నేననడం లేదు. కానీ సాయంత్రం నేను వాగుతుంటే కంచంలోకి చూసుకుంటూ తింటారు తప్ప, ఒక్కసారైనా నవ్విన పాపాన పోలేదు. మీరు వెతికే మాటకారి ఇల్లు ఇంకెక్కడో ఉంటుంది. వెతికి చూడండి. దొరికితే వాళ్లావిడ అదృష్టవంతురాలని నా మాటగా చెప్పండి.

అడ్రసు సరైనదే గానీ మనిషి సరికాని
ఇంటావిడ.

తా.క. నవ్వుతున్న ఫొటో లేదు. పెళ్లి ఫొటోలో నవ్వినట్టే ఉంటారు గానీ అది కెమెరా వెలుగుకి కళ్లు చికిలించడం. పదకొండు ఓట్ల సంగతి ఎవరికీ చెప్పలేదు, పక్కింటావిడకి తప్ప.

---

గ్రంథాలయం,
శనివారం.

గౌరవనీయులైన ఇల్లాలికి,

మీ ఉత్తరం చూశాక మాకూ అనుమానం వచ్చి, స్టేషన్‌కు వెళ్లి టికెట్ కలెక్టర్ని విచారించాను. పొడుగాటి మనిషి, కళ్లజోడు ఎడమ కాడకు నల్లదారం చుట్టి ఉంటుంది, చేతిలో ఆకుపచ్చ సంచి, సంచిలో మూడు గిన్నెల డబ్బా అని అతను చెప్పాడు. ఈ గుర్తులు మీవారివి కాకపోతే చెప్పండి, క్షమాపణ చెప్పుకుంటాను.

ఏడూ నలభై బండిలో మూడో బోగీ ఆయనదట. రెండో బోగీలో సీట్లు ఖాళీగా ఉన్నా జనం మూడో బోగీలోనే ఒంటికాలి మీద నిలబడి వెళ్తారట. ఒకరోజు తనే టికెట్లు అడగడం మరచిపోయి రెండు స్టేషన్లు దాటి దిగానని టికెట్ కలెక్టరు ఒప్పుకున్నాడు.

ఇంకో విశేషం. మీవారు సొంత మాటలేవీ చెప్పరట. అన్నీ 'మహారాణిగారు ఇలా సెలవిచ్చారు' అనే మొదలుపెడతారట. ఆ మహారాణిగారు ఎవరో ఎవరికీ తెలియదు. రోజూ భోజనం దగ్గర ఆవిడ కబుర్లు వింటాననీ, అంత తెలివైన మనిషి భూమ్మీద ఇంకొకరు లేరనీ మాత్రం చెప్తారట. ఇది ఆయన కల్పించుకున్న పాత్ర అని మా అభిప్రాయం. ఇంతటి కల్పనాశక్తి గల భర్త దొరికినందుకు మీకు నా అభినందనలు.

ఫొటో కోసం ఎదురుచూసే
లైబ్రేరియన్.

తా.క. చచ్చేలోగా మహారాణిగారి గొంతు ఒక్కసారి వినాలని ఉందని రోజూ ఆ బోగీలోనే వెళ్లే బ్యాంకు క్యాషియర్ గారు అన్నారు.

---

నీలం గేటు ఇల్లు,
సోమవారం.

మేడమ్ గారికి,

గుర్తులన్నీ మా ఆయనవే. ఆ నల్లదారం చుట్టింది నేనే.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేదు, రెండోసారి కవరు తిప్పి అడ్రసు చూసుకున్నాను, మూడోసారికి పొయ్యి మీద గిన్నె మాడిపోయింది. భోజనం దగ్గర మహారాణా? మధ్యాహ్నం ఆయన భోజనం ఫ్యాక్టరీలో. అంటే ఆవిడ ఫ్యాక్టరీలోనే ఉందన్నమాట. ఇరవై ఆరేళ్లుగా మూడు గిన్నెలు కడుతున్నాను. ఒక్క మనిషికి మూడో గిన్నె ఎందుకని ఒక్కనాడూ నాకు తట్టలేదు చూడండి.

కల్పన అంటున్నారు. ఆయనకే కల్పన ఉంటే నా పుట్టినరోజుకి ప్రతిసారీ తాళమే ఎందుకిస్తారు? మా ఇంట్లో పోపుల డబ్బాకి కూడా తాళం ఉంది.

నిన్నటి నుంచి నోరు కట్టేసుకున్నాను. ఆయనతో ఒక్క ముక్క మాట్లాడలేదు. అడిగేస్తే పోలేదా అంటారేమో. అడిగితే ఊఁ అంటారు. ఆ ఊఁ అవునో కాదో తెలియక నేను చావాలి.

తెలివిలేని
ఇంటావిడ.

తా.క. ఇవాళ డబ్బాలో ఏ గిన్నెలోనూ ఉప్పు వేయలేదు. మహారాణిగారు ఏమని సెలవిచ్చారో మీ క్యాషియర్ని కనుక్కుని రాయండి.

---

గ్రంథాలయం,
బుధవారం.

అమ్మా,

మీ ఉత్తరం చదివి నా గుండె ఆగినంత పనైంది. నా ఉద్దేశం ఒక పేజీ జీవితచరిత్ర, ఒక ఫొటో. అంతకు మించి ఏమీ లేదు.

మీ మనసు కుదుటపరచాలని మూడో బోగీలో ప్రయాణించే ముగ్గుర్ని విడివిడిగా కలిశాను. మహారాణిగారిని ఎవరూ చూడలేదు. ఆవిడ ప్రసక్తి వస్తే మీవారి కళ్లు మెరుస్తాయని ముగ్గురూ చెప్పారు. ఆవిడ కూడా పెళ్లయినావిడేనని, భర్త మాట పలుకు లేని మొద్దావతారమని, అయినా సర్దుకుపోతోందని ఆయనే చెప్పారట. కాబట్టి మీరు భయపడాల్సింది ఏమీ లేదు. నిబ్బరంగా ఉండండి.

పుస్తకం సోమవారం అచ్చుకు వెళ్తుంది. ఫొటో గురించి మళ్లీ అడగడానికి నోరు రావడం లేదు గానీ, అడుగుతున్నాను.

మీ మేలు కోరే
లైబ్రేరియన్.

తా.క. ఉప్పు సంగతి బోగీలో ఎవరూ ఎత్తలేదు. అసలు మూడు రోజులుగా మీవారు అక్కడ నోరే విప్పడం లేదట.

---

నీలం గేటు ఇల్లు,
గురువారం.

మేడమ్,

నన్ను కుదుటపరచడానికి మీరు ఇంకో ఉత్తరం రాయకండి. మీకు పుణ్యముంటుంది.

కళ్లు మెరుస్తాయా? ఆ కళ్లల్లో నేను చూసిన మెరుపల్లా కంచం తళతళే. పైగా పెళ్లయినావిడ. పైగా ఆవిడ మొగుడు మొద్దావతారమని ఈయన జాలిపడటం. గురివింద గింజలా కాకుండా తన కింద నలుపు చూసుకోవద్దూ?

నవ్వుతాలుకి రాయడం లేదు, నాకు ఏడుపొస్తోంది. ఇన్నేళ్లూ గోడకి చెప్పుకున్నాననుకుని సర్దుకున్నాను. గోడ అంతే, దానికి మాటలు రావు, దాని తప్పేముంది అనుకున్నాను. ఆ గోడకి మాటలొచ్చనీ, అవన్నీ ఇంకొకరి కోసం దాచుకుందనీ తెలిశాక ఎలా సర్దుకోను? నాతో ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, ఆ రెండొందల మందితో మాట్లాడినట్టు మాట్లాడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఐదు రోజులైంది నేను నోరు విప్పి. చెంచా కింద పడితే వీధి చివరిదాకా వినిపిస్తోంది. నిన్న ఆయన రెండుసార్లు దగ్గారు. దగ్గు మందు సీసా ముందు పెట్టి లేచి వచ్చేశాను. శనివారం పొద్దున మా అన్నయ్య ఇంటికి వెళ్లిపోతున్నాను. పెట్టె సర్దడం అయిపోయింది. మీ పుస్తకంలో ఆయనకి భార్య ఉందని రాయకండి.

ఇక సెలవు.
ఇంటావిడ.

తా.క. పోస్టు నమ్మలేక, ఇది మీ లైబ్రరీలో పుస్తకాలు తిరిగి వేసే పెట్టెలో నేనే వచ్చి వేశాను. సభకి మాత్రం వస్తాను. మొదటి వరసలో కుర్చీ ఉంచండి, మహారాణిగారి పక్కన.

---

గ్రంథాలయం,
శుక్రవారం.

అక్కయ్యగారూ,

చనువు తీసుకుంటున్నందుకు మన్నించండి. మీరు పెట్టె ఎత్తేలోగా ఇది చదవాలి. తలుపు కొట్టే ధైర్యం లేక మీ గేటుకు కట్టి వెళ్తున్నాను.

ఇవాళ పొద్దున నేనే ఏడూ నలభై బండి ఎక్కాను. మూడో బోగీ కిక్కిరిసి ఉంది గానీ ఎవరూ మాట్లాడటం లేదు. మధ్యలో మీవారు, ఒళ్లో ఆకుపచ్చ సంచి. బ్యాంకు క్యాషియర్ గారు ఉండబట్టలేక కదిలించారు.

"ఏంటి సార్, మహారాణిగారు ఏమంటున్నారు?"

"ఏమీ అనడం లేదండి. ఆదివారం నుంచి మాట్లాడటం మానేసింది."

"పోట్లాడుకున్నారా?"

"లేదండి. నేనేం తప్పు చేశానో తెలియడం లేదు. అడుగుదామంటే నాకేమో మాట రాదు. రెండుసార్లు దగ్గాను. మందు సీసా ఇచ్చింది."

అక్కయ్యగారూ, నేను పట్టుకున్న కమ్మీ వదిలేసి ఎవరి కాలో తొక్కాను. ఆ సీసా సంగతి చదివి పన్నెండు గంటలు కూడా కాలేదు. ఆవిడ భోజనం దగ్గర చెప్పే కబుర్లన్నది మధ్యాహ్నం భోజనం కాదండి, రాత్రి మీ ఇంట్లో తినే భోజనం. ఆ మొద్దావతారం ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన దిగులు చూసి బోగీలో వాళ్లే పాతవి గుర్తుచేసి నవ్వించాలని చూశారు. వాషింగ్ మెషీన్ రిపేరుకి వచ్చినవాడు అంతా విప్పి, మళ్లీ బిగించి, మూడు మరలు మిగిలితే 'ఇవి అదనం' అన్నాడట. 'కంపెనీవాడు నా మొహం చూసి కొసరు వేశాడా నాయనా' అన్నారట మీరు. ఆ తర్వాత ఆ మెషీన్ బట్టలు తిప్పినప్పుడల్లా గడగడలాడుతూ నడుచుకుంటూ వచ్చేదట. 'ఈ ఇంట్లో నా వెనకాల వంటింట్లోకి వచ్చింది ఇదొక్కటే' అన్నారట. ఈ ఆఖరి మాట బోగీ అంతా ఒక్క గొంతుతో చెప్పింది. వాళ్లకది కంఠతా వచ్చు. మీవారు మాత్రం నవ్వలేదు, కిటికీలోంచి బయటికి చూశారు.

తప్పంతా నాది. పెట్టె విప్పండి.

మీ క్షమాభిక్ష కోరే
లైబ్రేరియన్.

తా.క. కాలు తొక్కింది పళ్ల డాక్టరు గారిదట. ఆయనా రోజూ ఆ బోగీలోనే వెళ్తారు. మీవారికి ఓటు వేశారా అని అడిగితే, ఒకటి వేశానన్నారు.

---

నీలం గేటు ఇల్లు,
శనివారం.

చెల్లెమ్మకి,

అన్నయ్య ఇంటికి వెళ్లలేదు. పెట్టె కూడా విప్పలేదు. ముందు ఒళ్లు మండుతోంది, అది చల్లారనివ్వు.

బోగీ నిండా మగాళ్లకి మా ఇంటి వాషింగ్ మెషీన్ సంగతి తెలుసా? ఇక రేపు నేను వీధిలో ఏ మొహం పెట్టుకుని నడవాలి? పోనీ చెప్పినవాడు సరిగ్గా చెప్పాడా అంటే అదీ లేదు. మిగిలినవి మూడు కాదు, నాలుగు మరలు. నాలుగోదాన్ని వాడు జేబులో వేసుకోబోతే చెయ్యి పట్టుకుని లాక్కున్నాను. కథలో అసలు నవ్వొచ్చే ముక్క అదే. దాన్ని వదిలేసి ఈయన మాటకారి అనిపించుకున్నారు.

నిన్న సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే నీ ఉత్తరం చేతిలో పెట్టాను. గుమ్మంలో నిలబడే చదివారు. "ఇదంతా నిజమేనా" అన్నాను. ఊఁ అన్నారు. "అంతమందిలో అంత మాట్లాడతారు కదా, నాతో మాట్లాడితే ఏం పోయింది" అన్నాను.

కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "అక్కడ చెప్పేవన్నీ నీ మాటలే. నీ మాటలు నీకే ఏం చెప్పను? నా సొంతానివంటే తాళాలే" అన్నారు.

"పోనీ, ఇక్కడ ఒక్కసారైనా నవ్వరేం?" అన్నాను.

"నవ్వితే నీ తర్వాతి మాట వినపడదు" అన్నారు.

చెల్లెమ్మా, కాపురానికి వచ్చాక మాటకి మాట తోచక నిలబడిపోవడం అదే మొదలు. వంటింట్లోకి వెళ్లిపోయి కాసేపు కళ్లు ఒత్తుకున్నాను. వెనక్కి తిరిగితే ఆయన అక్కడే ఉన్నారు. మాట్లాడలేదనుకో. నిలబడ్డారంతే.

పుస్తకంలో ఆయన పేరు ఉంచు. నాది వెయ్యకు. పక్కనే చిన్న అక్షరాల్లో 'మరలు నాలుగు' అని మాత్రం అచ్చు వేయించు. ఫొటో ఈ కవర్లో పెట్టాను. కళ్లు చికిలించిందే. దానితోనే సరిపెట్టుకో.

ప్రేమతో
అక్కయ్య.

తా.క. ఇన్ని రోజులు కడుపులో దాచుకున్నవన్నీ రాత్రి భోజనం దగ్గర ఏకబిగిన చెప్పేశాను. జీవితచరిత్ర రాయమని ఉత్తరం వేసి, ఓదార్చి ఓదార్చి కాపురం కూల్చబోయిన లైబ్రేరియన్ కథ అందులో అన్నిటికంటే బాగా కుదిరింది. ఆయన కంచంలోకి చూస్తూ, ఒక్కసారి కూడా నవ్వకుండా, ఒక్క ముక్క వదలకుండా విన్నారు. నువ్వు సోమవారం నుంచి కొన్నాళ్లు ఏడూ నలభై బండి ఎక్కకమ్మా.