నేల మీద కూర్చున్న ఆఫీసరమ్మ

మార్చి 4, సోమవారం

ఇవాళ మా పెనీనా యూనిఫారం వేసుకుంది! నీలం చొక్కా, నడుముకు రేడియో, గొలుసుకు తాళాలగుత్తి. హాల్లో మూడుసార్లు అటూ ఇటూ నడిపించి చూసుకున్నాను. నాలుగోసారి నడవమంటే, బస్సు పోతుంది నాన్నా అంది.

ఉద్యోగం వచ్చిందని బస్సు డ్రైవరుకి చెప్పాను, మాంసం కొట్టువాడికి చెప్పాను, పాస్టరుగారికి రెండుసార్లు చెప్పాను. మా ఆవిడ లోసా ఈ నోటుబుక్కు నా చేతిలో పెట్టి, ముసలోడా, మిగతాది దీనికి చెప్పుకో, నా చెవులు వదిలెయ్ అంది. అందుకే రాస్తున్నాను. నాకు రాత అంతగా రాదు. మా సమోవా దీవుల్లో ఆరో క్లాసు, న్యూజిలాండుకి, ఈ ఆక్లండ్ వచ్చాక ముప్ఫయ్యొక్కేళ్లు మాంసం ఫ్యాక్టరీ. కత్తి పట్టిన చేతిలో పెన్ను జారిపోతోంది.

ఉద్యోగం ఏమిటంటే, కోర్టు పంపిన పిల్లలుండే సెంటరులో కస్టడీ ఆఫీసరు. పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల మగపిల్లలు. కార్లు ఎత్తుకుపోయినవాళ్లు, తలలు పగలగొట్టినవాళ్లు. మూడు నెలలు ట్రయల్, నచ్చితే పర్మనెంటు. నచ్చకపోవడమేమిటి, నా బంగారు తల్లి!

మార్చి 6, బుధవారం

ఆ పిల్లలు ఏం తిట్లు తిట్టారే అని పెనీనాని అడిగాను. కొత్తవి రెండు నేర్చుకున్నాను నాన్నా అంది.

మార్చి 17, ఆదివారం

చర్చి అయ్యాక భోజనాల దగ్గర పెనీనా అక్కడి రూల్సు చెప్పింది. పిల్లలు ఆవరణలో ఉన్నప్పుడు ఆఫీసరు కూర్చోకూడదట. నిలబడే ఉండాలి, వెనక గోడ ఉండాలి, చెయ్యి అందనంత దూరంలో ఉండాలి.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. మా సమోవాలో కూర్చున్నవాళ్ల నెత్తిన నిలబడి మాట్లాడేది ఎవరు? కొట్టడానికొచ్చినవాడు! ఈ ఇంట్లో ఎప్పుడైనా నిలబడి మాట్లాడామా అన్నాను. లోసా నా కంచంలో ఇంకో దుంప పడేసి, ఆ సెంటరు నీ ఇల్లు కాదు, తిను అంది. పెనీనా మాత్రం మెల్లగా, పోయినేడు ఒకాయన దవడ విరిగింది నాన్నా, ఊరికే పెట్టలేదు ఆ రూలు అంది.

ఆ దుంప తీసి లోసా కంచంలో పెట్టేశాను.

ఏప్రిల్ 9, మంగళవారం

ఒక కుర్రాడు ఎవరితోనూ మాట్లాడడట. పేరు చెప్పకూడదట. మన సమోవావాడేనా అంటే నవ్వి ఊరుకుంది. మనవాడే. పొడుగ్గా ఉంటాడని మాత్రం చెప్పింది కాబట్టి నేను పొడుగోడు అని పెట్టుకున్నాను. వీడు అన్నం తింటున్నాడా అని రోజూ అడుగుతున్నాను. మనవడు కానివాడి తిండి గోల నీకెందుకని లోసా అడిగింది. నిజమే. అయినా అడుగుతాను.

ఏప్రిల్ 23, మంగళవారం

పై అధికారి జానిస్ అనే ఆవిడ పెనీనా గురించి రాసింది: అన్నీ బాగున్నాయి, గొంతే లేవదు.

గొంతుదేముంది! పెరట్లోకి తీసుకెళ్లి, ఆగు! లోపలికి పద! అని అరవడం నేర్పాను. నేను అరిస్తే పక్కింటి మాఫీ, మా పక్క దీవుల టోంగావాడు, పార పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, ఈ వయసులో ఇంట్లో గొడవలేమిటి పెద్దాయనా అని. పెనీనా అరిస్తే పిల్లి కూడా కదల్లేదు.

మే 2, గురువారం, సాయంత్రం 6

పెనీనా ఇంటికొచ్చింది. ఒంటి మీద గీత కూడా లేదు. సెంటరులో గొడవైందట, రేపు రాస్తాను.

మే 3, శుక్రవారం

బాస్కెట్‌బాల్ దగ్గర మాటా మాటా పెరిగిందట. ఆరుగురు చీపురు కర్రలు విరిచి పట్టుకున్నారు. లోపలికి రామన్నారు. ముందు పొడుగోడు. ఆఫీసర్లు చుట్టూ చేరారు. అందరికంటే దగ్గరున్నది మా పిల్ల. గొంతు లేవని మా పిల్ల!

ఏం చేసిందో తెలుసా? కూర్చుంది. ఆవరణ నడిమధ్యన, సిమెంటు మీద, కాళ్లు మడుచుకుని, తాళాలు ఒళ్లో పెట్టుకుని. మన భాషలో, నాకు మోకాళ్లు లాగుతున్నాయిరా, మీరూ కూర్చోండి అంది.

చిన్నవాడు ముందు కూర్చున్నాడట. తర్వాత ఇద్దరు. తర్వాత టోంగా పిల్లలు. పొడుగోడు ఒక్కడే మిగిలాడు. అందరూ కింద, వాడొక్కడు కర్రతో పైన. అటు చూశాడు, ఇటు చూశాడు. కూర్చున్న పెద్దదాని ముందు నిలబడి ఉండడం వాడి వల్ల కాలేదు! నడుం వంచి, కర్ర నేలకి రాసుకుంటూ, ఆమె ముందు నుంచి దాటి, అవతల కూర్చున్నాడు. కర్ర పట్టుకున్నవాడు కూడా పెద్దల ముందు వంగే దాటాడు! వాణ్ని ఎవరో బాగానే పెంచారు.

నేను ఎగిరి గంతేశాను. పెనీనా గంతెయ్యలేదు. రూలు తప్పింది కదా. వాడు ఆ కర్ర నీ నెత్తిన దించితే అని జానిస్ అరిచిందట. ఆవిడ అన్నదీ నిజమే నాన్నా అంది. విచారణ ఉంటుంది. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు.

మే 5, ఆదివారం

చర్చిలో ఎవరితోనూ మాట్లాడలేదు. జ్వరమా అని ముగ్గురడిగారు. అలా కూర్చోవడం నేర్పింది నేనే. దానికి మూడేళ్లప్పటి నుంచీ నేర్పాను.

మే 14, మంగళవారం

చెప్పకుండా వెళ్లాను. నల్ల లుంగీ, పెళ్లిళ్లకి వేసే కోటు. రెండు బస్సులు మారాను. జానిస్‌గారిని పిలవండని చెప్పి, మా సమోవాలో తప్పు ఒప్పుకోవడానికి వచ్చినవాడు ఎలా కూర్చోవాలో అలా రిసెప్షనులో నేల మీద కూర్చున్నాను.

గార్డు, తాత పడిపోయాడు! అని కేకేశాడు. నేను పడిపోలేదురా బాబూ అంటుంటే వినడే! ఒకావిడ నీళ్లు తెచ్చింది, ఒకాయన అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాడు. జానిస్ పరిగెత్తుకొచ్చి, నా పక్కన నేల మీద కూలబడి నాడి పట్టుకుంది. నాకేం కాలేదమ్మా, మాట్లాడ్డానికొచ్చాను, తప్పు నా పిల్లది కాదు, నా పెంపకానిది, శిక్ష నాకు వెయ్యండి అన్నాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. విన్నది. పది నిమిషాలు అలాగే కింద కూర్చుని విన్నది. నీళ్లావిడ కూర్చుంది. గార్డు కాసేపు నిలబడి, చుట్టూ చూసి, వాడూ కూర్చున్నాడు.

జానిస్ అది చూసింది. నావైపు చూసింది. ఏ మాటా ఇవ్వలేనండీ, కానీ ఇప్పుడర్థమైంది అంది.

సాయంత్రం పెనీనా తిట్టిన తిట్లు రాయను. ఆ కొత్తవి రెండూ అందులో ఉన్నాయి.

జూన్ 4, మంగళవారం

పర్మనెంటు! పర్మనెంటు! పర్మనెంటు!

ఒక హెచ్చరిక కూడా రాశారు. ఒంటరిగా కూర్చోకూడదు, ఇంకో ఆఫీసరు తలుపు దగ్గర నిలబడి ఉన్నప్పుడే కూర్చోవాలి. అంటే కూర్చోవచ్చు! మాఫీకి గోడ మీంచి అరిచి చెప్పాను. ఈసారి పార లేకుండా వచ్చి కావలించుకున్నాడు.

జూన్ 9, ఆదివారం

ఇవాళ జానిస్ ఆవరణలోకి వచ్చిందట. పెనీనా, పిల్లలు కింద ఉన్నారు. ఆవిడ కుర్చీ కోసం చూసింది. లేదు. కూర్చుంది. మోకాళ్లు టకటకమన్నాయట. పొడుగోడు లేచి, నడుం వంచుకుంటూ దాటి వెళ్లి, ఆవిడకి గ్లాసుతో నీళ్లు తెచ్చాడట. తాగండి మేడమ్ అన్నాడట. మాట్లాడాడు!

ఇది వంటింట్లో నేల మీద కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడు ఒక్కణ్నే లేవలేకపోతున్నాను. లోసా చర్చి పాటల ప్రాక్టీసు నుంచి వచ్చేదాకా ఇక్కడే.