జింకు చివర్లో వేయాలి

12 జూలై 2009, ఆదివారం
తెనాలి

ఇవాళ నా ఆట చూడటానికి బాపట్ల నుంచి మా కాలేజీ స్నేహితురాలు సునీత వచ్చింది. తెర మీద ఇసుక, నీళ్ళు, నిప్పు రేణువులుగా రాలే ఆ కంప్యూటర్ ఆటలోకి రాగినీ జింకునీ నేనే చేర్చాను. రెండూ ఒకేసారి కరిగిస్తే జింకు తెల్లటి పొగై ఎగిరిపోతుంది. ముందు రాగి కరగాలి. జింకు చివర్లో వేసి, వెంటనే పైన బొగ్గుపొడి కప్పాలి. అప్పుడే ఇత్తడి.

"ఈ బొగ్గుపొడి సంగతి నీకెలా తెలిసిందే?" అంది సునీత.

సరిగ్గా అప్పుడే మా అబ్బా టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చాడు. నిప్పురవ్వలకి చిల్లులు పడ్డ అదే లుంగీ.

"నెట్‌లో చూశాను" అన్నాను.

మా నాన్నది వ్యాపారమని కాలేజీలో చెప్పుకున్నాను మరి. సిగ్గులేని మొహం నాది. ముప్ఫై ఏళ్ళుగా ఇత్తడి గంటలు పోతపోస్తూ, ఆ పొగ పీల్చి దగ్గుతున్న మనిషి, మొన్న శుక్రవారం నన్ను కొలిమి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన విషయమది. అంతకుముందు నెట్ అంతా వెతికాను. ఎక్కడా దొరకలేదు.

సునీతని రైలెక్కించి వచ్చేసరికి అబ్బా గ్లాసులు కడుగుతున్నాడు.

"నెట్‌లో బొగ్గుపొడి గురించి కూడా రాశారామ్మా?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

"రాశారు" అన్నాను.

గ్లాసు బోర్లించి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"పోన్లే, మంచిదే. నాతోనే పోతుందనుకున్నా."