మీసాల తాళం

ప్రియమైన అక్కకు,

నేను బాగానే ఉన్నాను. హాస్టల్ తిండి సంగతి మాత్రం అడగొద్దు, చెబితే నీకు కోపం, నాకు ఏడుపు.

ఈ సెమిస్టర్లో మాకు యంత్రాల భద్రత అని ఒక పేపరు ఉంది. మిషను లోపలికి మనిషి దిగేముందు కరెంటు స్విచ్చి ఆపేసి, దానికి తన తాళం తనే వేసుకోవాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. పని అయ్యాక తనే వచ్చి తీయాలి. వేసినవాడు తప్ప ఇంకెవరూ, మేనేజరైనా సరే, ముట్టుకోకూడదు. మేడం ఇది చెబుతుంటే నాకు బావే గుర్తొచ్చారు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పిండి కలిపే మిషనులోకి దిగి శుభ్రం చేసే మనిషికి ఇది రోజూ ఉండే పనే. నేను మూడేళ్ళు ఫీజు కట్టి ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

వచ్చేవారం క్లాసు ముందు నిలబడి మాట్లాడాలి. అందరూ బొమ్మలు చూపిస్తారు. నేను బావ తాళమే చూపిస్తే ఎలా ఉంటుంది? ఒక్క వారం పంపించమని అడుగు. నువ్వడిగితే కాదనరు.

నీ తమ్ముడు

*

చిన్నోడా,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఇక ఆయనకి పట్టపగ్గాల్లేవు. "నా తాళం కాలేజీలో చేరుతోంది" అని వీధి వీధంతా చెప్పొచ్చారు. నూనె రాసి, గుడ్డతో తుడిచి, పెళ్ళికొడుకులా తయారు చేసి ఈ ఉత్తరంతోపాటే పంపారు. వెనకాల మీసాల గీత చూశావా? ఎవరి తాళం ఏదో కలిసిపోకుండా మేకుతో గీసుకున్నారట. "అది నా మొహం, వాడి స్నేహితుల్ని జడుసుకోవద్దని చెప్పు" అంటున్నారు.

తాళంచెవి మాత్రం పంపరట. "జేబులోనే ఉండాలని వాడే రాశాడుగా. వాణ్ణి తాళం వేసి చూపించమను. తీయడానికి నేనే వస్తా, వాడు డిగ్రీ పుచ్చుకునే రోజున" అన్నారు. ఆ రోజుకి కొత్త చొక్కా కుట్టించుకుంటారట. ఇప్పటినుంచే రంగు గురించి నాతో గొడవ.

ఫ్యాక్టరీ స్టోరులో ఇంకో తాళం అడిగారు. వచ్చేదాకా సర్దుకోమన్నారట. అందుకని నా పాత ఎర్ర తువ్వాలు తీసుకెళ్ళి స్విచ్చికి కడుతున్నారు. ఫర్వాలేదా? మా ఇంటి సేఫ్టీ ఆఫీసరుగారు ఒక మాట సెలవిస్తే నా మనసు కుదుటపడుతుంది.

ఆశీస్సులతో,
అక్క

*

ప్రియమైన అక్కకు,

అదరగొట్టేశాను. బెంచీకి ఒక గొలుసు చుట్టి, బావ తాళం వేసి, "ఎవరైనా తీయండి చూద్దాం" అన్నాను. పిన్నులతో, పేపరు క్లిప్పులతో అందరూ తంటాలు పడ్డారు. ఆఖరికి గొలుసునే బెంచీ కాలి కిందనుంచి లాగేసుకోవాల్సి వచ్చింది. మీసం చూసి మేడం కూడా నవ్వారు. క్లాసులో నాకే ఎక్కువ మార్కులు.

రెండో సెక్షనుకి కూడా చూపించమన్నారు. ఇంకొన్నాళ్ళు నా దగ్గరే ఉంచుకుంటాను. బావని అప్పటిదాకా తువ్వాలుతోనే సర్దుకోమను. అక్కడ ఆయన్ని ఎరగనివాళ్ళెవరు, ఆయన కట్టిన గుడ్డ ఎవరు ముట్టుకుంటారు.

చొక్కా నీలం రంగుదే బాగుంటుందని నా ఓటు.

నీ తమ్ముడు

*

చిన్నోడా,

బావని సాగనంపి నువ్వు వెళ్ళి నెల దాటింది. ఒక్క ఉత్తరం లేదు. క్లాసులు మానేశావని, పెట్టె సర్దుకుని కూర్చున్నావని నీ గదిలో ఉండే అబ్బాయి రాశాడు.

ఆ రోజు ఇంటినిండా మనుషులున్నా, నా మొహం చూడనివాడివి నువ్వొక్కడివే. ఎందుకో నాకు తెలుసు. ఆయన మిషను లోపల ఉండగా కొత్త షిఫ్టు కుర్రాడు తువ్వాలు విప్పి స్విచ్చి వేశాడు. ఎవరో చేతులు తుడుచుకుని వదిలేసిన గుడ్డ అనుకున్నాడట. తాళం ఉంటే ఇలా జరిగేది కాదని, ఆ తాళం తెప్పించుకున్నది నువ్వేనని నీలో నువ్వే కుమిలిపోతున్నావు.

అందుకే చెబుతున్నాను. నీకు పంపింది ఆయన తాళం కాదు. బజారులో కొన్న కొత్తది. నీ సరదా తీరాలని దానిమీదా మీసం గీశారు. అసలుది ఫ్యాక్టరీలో ఆయన బీరువాలోనే ఉంది. తీసి వేసుకోవడానికి బద్ధకించారు, అంతే. తప్పు ఆయనదే. సోమవారం విచారణకి పిలిచారు, అక్కడా ఇదే చెబుతాను. నువ్వు రావద్దు. క్లాసుకి వెళ్ళు.

ఆయన బట్టల్లోంచి ఇంకా పిండి రాలుతూనే ఉంది. ఊడవబుద్ధి కావడం లేదు. వెళ్ళేటప్పుడు చలికి అని నీకిచ్చిన ఆయన స్వెట్టరు వేసుకుంటున్నావా?

అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదవగానే నెల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది. నమ్మేశాను. నమ్మి, కడుపునిండా తిని, బావ స్వెట్టరు తీసి వేసుకున్నాను. జేబులో తాళంచెవి తగిలింది.

తాళంలో పెట్టి తిప్పాను. తెరుచుకుంది. కొక్కెం దిగే రంధ్రంలోంచి ఎండిపోయిన పిండి నా అరచేతిలో రాలింది. పైన ఎంత తుడిచినా అక్కడిదాకా గుడ్డ వెళ్ళలేదు. బజారులో కొన్న కొత్త తాళంలో పిండి ఎందుకుంటుంది అక్కా?

చిన్నప్పుడు పక్కింటి అద్దం నేను పగలగొడితే, ఆ పని చేసింది నువ్వేనని చెప్పి దెబ్బలు తిన్నావు. అప్పుడు నా తప్పు నీ మీద వేసుకున్నావు. ఇప్పుడు బావ మీద వేస్తున్నావు. నీ నోటితో ఆయన్ని బద్ధకస్తుడని అనడానికి నీకెంత కష్టమైందో నేను ఊహించగలను. నా కోసం ఆ మాట అనకు. ఆయన తాళం అడిగారు. స్టోరువాళ్ళు సర్దుకోమన్నారు. వాళ్ళంటే అన్నారు, ఇదే చదువు చదువుతున్న నేను కూడా సర్దుకోమని రాశాను.

సోమవారం వస్తున్నాను. తువ్వాలుతో సర్దుకోమన్న నా ఉత్తరం పారేయకుండా ఉంచు, విచారణలో నేనే చదువుతాను. ఆ తర్వాత వెనక్కి వచ్చి క్లాసులో కూర్చుంటాను. చదువు మానను. బావలాంటివాళ్ళని ఎవరూ తప్పుబట్టకుండా ఉండాలంటే అలాంటి విచారణ గదిలో ఈ చదువు తెలిసినవాడు ఒకడు ఉండాలి.

ఆ పిండి పారేయలేదు. కాగితంలో పొట్లం కట్టాను, నీకు తెచ్చిస్తాను.

తాళం తీయడానికి బావే వస్తానన్నారు. ఆయన కోసం అలాగే ఉంచాల్సింది, ఉంచలేకపోయాను. వేసినవాడే తీయాలి కదా అక్కా. ఆ రోజు క్లాసులో వేసింది నేనే.

నీ చిన్నోడు