కోడి బండి

బీజాపూర్

వికాస్ తమ్ముడూ,

ఫోన్‌లో చెబితే మధ్యలోనే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. మన బస్సులకు తెల్లరంగు వేయించి, కోడిపుంజు బొమ్మ తీసేసి ఇంగ్లీషు అక్షరాలు రాయించావు. అందంగానే ఉన్నాయి. కానీ సోమవారం ఏం జరిగిందో విను.

ఆవపల్లి దారిలో సన్నే అనే ఆమె, జ్వరంతో మూలుగుతున్న భర్తను పట్టుకుని పొద్దుటి నుంచి నిలబడింది. మన బస్సులు ఆమె ముందు నుంచే వెళ్లిపోయాయి. చివరికి ఎవరో మోటార్‌సైకిల్ మీద వాళ్లను ఆసుపత్రికి చేర్చారు. ఇప్పుడతను కోలుకుంటున్నాడు. చూడడానికి వెళ్లి, బస్సు ఎందుకు ఆపలేదని అడిగాను.

“మన కోడి బండి రాలే గద అక్కా. ఆ తెల్లది ఎవరిదో ఏందో, ఎట్ల ఆపేది?” అంది.

నాన్న మొదటి బస్సు నడిపిన రోజు భయపడి ఎవరూ ఎక్కలేదు. హుంగా అనే ముసలాయన ఒక్కడే పుంజును చంకలో పెట్టుకుని సంతకని ఎక్కాడు. ఆయన క్షేమంగా తిరిగొచ్చాకే జనం నమ్మారు. అందుకే నాన్న ఆ పుంజును బస్సు మీద గీయించాడు. అప్పటికి నువ్వు పుట్టలేదు.

నిన్ను అడగకుండానే నిన్న ఒక బస్సు మీద పుంజును వేయించాను. కోపమొస్తే రా. ఆ బస్సులో ఆవపల్లి దాకా ఒకసారి వెళ్లిరా, ఆ తర్వాత కూడా మనసొప్పితే నీ చేత్తోనే చెరిపెయ్.

మీ అక్క