ఎర్రయ్య మోకాలి గుజ్జు

మావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన కొడుకు ఎర్రయ్య సంగతి నీకు చెప్పుకోవాలి.

వాడి మోకాలి గుజ్జు అరిగిపోయింది. విశాఖ డాక్టరుగారు వాడి తుంటి ఎముకలోంచి మూలకణాలు తీసి, అవి పెరిగేందుకు మందులు కలిపి, కొత్త గుజ్జు పెంచి మోకాల్లో అతికించారు. అది కుదురుకునేదాకా కాలు మీద బరువు వేయొద్దన్నారు. వాడు మంచం మీద కదిలినా నేను లేచి చూసేదాన్ని.

మొన్న ఒడ్డున పెద్దవల లాగారు. తాడు పట్టని ఇంటికి వాటా లేదు కదా. నీ తమ్ముడు గుమ్మంలోకొచ్చి, "ఒరే, పెళ్లికూతుర్నాగ మంచమెక్కీసినావేటి? తాడు సేతుల్తో లాగుతారు గానీ మోకాలితో కాదురా" అన్నాడు. వెంట వచ్చినవాళ్లు నవ్వారు. నేను కాళ్లకు అడ్డం పడ్డా ఎర్రయ్య ఆగలేదు, వెళ్లి తాడు పట్టాడు. మడమలు ఇసుకలో దింపి లాగితే బరువంతా మోకాళ్ల మీదే పడుతుందని నీకు తెలుసు.

కొత్త గుజ్జు ఊడిపోయింది. ఇక ఆ కాలు వేటకు పనికిరాదన్నారు డాక్టరుగారు. వాటా చేపలు మాత్రం ఇంటికి పంపారు.

పొద్దున్న వాడు, "అమ్మా, నాన్నుంటే నన్ను ఆపీసేవోడు కదే?" అని అడిగాడు.

ఆపేవాడివనే చెప్పాను. నువ్వుంటే, నీ తమ్ముడికంటే ముందు నువ్వే వాణ్ణి తాడు లాగడానికి పిలిచేవాడివి.