ఇరవయ్యారు అంగుళాలు

ప్రియమైన నర్సమ్మకి,

మీ గని ఆసుపత్రి దగ్గర ఫోను పలకదు కాబట్టి వారానికోసారి కొండెక్కే టపా వ్యానే మనకు దిక్కు. ఇక్కడ బడులు తెరిచారు, నా మిషన్‌కి ఊపిరాడటం లేదు. ఈ ఏడు కొత్త యూనిఫాంలు కుట్టడం కంటే పాతవాటి నడుము వదులు చేసే పనే ఎక్కువ. బడి నుంచి ట్యూషన్‌కి, ట్యూషన్ నుంచి ఫోను ముందుకి. ఆడుకునే చోట కార్లు పెడుతున్నారు, పిల్లలు పెరగక ఏం చేస్తారు?

మన పిల్ల పిచ్చుక కూడా కాస్త ఒళ్ళు చేసింది. స్కర్టు బిగుతైందని అది అనేలోపే కుట్లు విప్పి వదులు చేస్తున్నాను. వడ్డించేవాడు మనవాడైతే ఏ పంక్తిలో కూర్చుంటేనేం?

నీ దర్జీ

ప్రియమైన దర్జీగారికి,

చదివి నవ్వాను గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సెలవులకి ఇక్కడికొచ్చిన పట్నం పిల్లలు పన్నెండు మందికి పోయిన నెల పరీక్షలు చేశాం. నలుగురికి షుగరు హద్దు దాటబోతోంది. పద్నాలుగేళ్ళకే. నడుము చుట్టూ కొవ్వు, చాలీచాలని నిద్ర, పొద్దస్తమానం కూల్‌డ్రింకులు, మెడ వెనక మట్టి పట్టినట్టు నలుపు, పైగా ఇంట్లో ఎవరికైనా షుగరుంటే భయపడాల్సిందేనని డాక్టరుగారన్నారు. మా అమ్మ దాంతోనే పోయింది కదా.

పిచ్చుక నడుము కొలిచి రాయండి. మెడ కూడా చూడండి. మీ టేపు మీదే నా నమ్మకం.

మీ ఇంటిది

ప్రియమైన భయస్తురాలికి,

కొలిచాను. ఇరవయ్యారు అంగుళాలు. మెడ మీద నలుపుంది, అది ఒట్టి మురికి. స్నానం సరిగ్గా చెయ్యవా అని చీవాట్లు పెడితే పాపం చర్మం ఎర్రబడేదాకా పీచుతో రుద్దుకుంది. నువ్వు రోగుల మధ్య తిరిగి తిరిగి అందరిలోనూ రోగమే చూస్తున్నావు.

నీ దర్జీ

ప్రియమైన మీకు,

గుండె మీద బరువు దిగింది. వచ్చే నెల నాకు రావాల్సిన సెలవు, కాన్పుకి వెళ్ళే తోటి నర్సుకి ఇచ్చేశాను. ఇంకో నెల ఓపిక పట్టండి.

మీ ఇంటిది

ప్రియమైన నర్సమ్మకి,

శుభవార్త. పిచ్చుక సన్నబడింది. మూడు వారాల్లో మూడు అంగుళాలు తగ్గింది, నిన్న స్కర్టు బిగించాను. ఇక దాచే పని లేదు కాబట్టి చెప్పేస్తున్నాను. ఆ రోజు టేపు చూపించింది ముప్ఫై ఆరు. పిల్ల నా చెయ్యి పట్టుకుని, "అమ్మకి చెప్పకు నాన్నా. బళ్ళో అందరూ డ్రమ్మంటున్నారు, అమ్మ కూడా అలాగే చూస్తుంది" అంది. కొలతల పుస్తకంలో రెండేళ్ళ కిందటి అంకె ఉంటే అదే రాసేశాను.

ఇప్పుడు కూల్‌డ్రింకులు మానేసి బిందెడు నీళ్ళు తాగుతోంది. రాత్రి నాలుగుసార్లు లేస్తోంది కూడా. అందుకే కాబోలు పగలంతా నిద్ర. నోరు మాగిన పళ్ళ వాసన వేస్తోంది, నాకు తెలియకుండా ఎక్కడో తింటోంది దొంగ. నిన్న కడుపునొప్పంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. పరీక్షల భయమే అయ్యుంటుంది.

నన్ను తిట్టకు.

నీ దర్జీ

ఏమండీ,

పిచ్చుక సన్నబడటం లేదు. షుగరు ముదిరి దాని ఒళ్ళు కరిగిపోతోంది. ఆ దాహం, ఆ వాసన, ఆ వాంతులు అన్నీ అదే. ఆలస్యమైతే తెలివి తప్పుతుంది, ఆ తర్వాత మన చేతుల్లో ఏమీ ఉండదు. మీ ఉత్తరం చేరేసరికే తొమ్మిది రోజులైంది.

వానకి వంతెన తెగింది, వ్యాను లేదు. టపా అతను కాలిబాటన దిగుతున్నాడు. సిగ్నల్ అందగానే ఫోన్ చేస్తానన్నాడు, మిషన్ మోతలో మీకు వినపడదేమోనని ఈ చీటీ కూడా ఇస్తున్నాను. నేనూ వెనకాలే నడిచి వస్తున్నాను, అతని కాళ్ళు నా కాళ్ళకంటే వేగం.

తప్పు మీ ఒక్కరిదే కాదు. ఇరవయ్యారు అని చదవగానే అనుమానం వచ్చింది. ఒళ్ళు చేసిందని మీరే రాశారు కదా. అయినా నమ్మితే హాయిగా ఉందని నమ్మాను. నర్సునై ఉండీ.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. నడిపించకండి, ఎత్తుకుని తీసుకెళ్ళండి. ఎన్నాళ్ళుగా దాహం, ఎన్నిసార్లు వాంతి, అసలు కొలత ఎంత, అన్నీ డాక్టరుకి చెప్పండి. అది సిగ్గుపడినా సరే, దాని ముందే చెప్పండి.

సంతకం పెట్టే తీరిక లేదు. మీరు చదువుతూ కూర్చోకండి, లేవండి.