నేను వెళ్ళని పదకొండు చోట్లు

మార్చి 3, సోమవారం

నన్ను కీనోట్ స్పీకర్‌గా పిలిచారు. మ్యాపుల వాళ్ళందరూ చేరే పెద్ద కాన్ఫరెన్స్, ఇరవయ్యో తారీఖున. మొత్తం నలుగురం. శాటిలైట్ కంపెనీ అధిపతి ఒకాయన, గడ్డం ప్రొఫెసరు, మంచుకొండలు కొలిచే ఆవిడ, నేను. సర్వే ఆఫీసులో పంతొమ్మిదేళ్ళుగా ఒకే కుర్చీ అరగదీస్తున్న నేను! మా ఆయన విని, ఫొటో పంపేటప్పుడు మాత్రం నవ్వకు, పళ్ళ డాక్టరు యాడ్‌లా ఉంటుంది అన్నారు.

సబ్జెక్టు వాళ్ళే పెట్టారు. 'గ్రౌండ్ ట్రూత్', అంటే ఫొటోలో ఉన్నది నేల మీదికి వెళ్ళి సరిచూసుకోవడం. నేను చేసిన అంబులెన్స్ మ్యాప్ చూసి పిలిచారట. ఏ సందులోకి బండి దూరుతుందో, ఏ సందులోకి దూరదో చెప్పే మ్యాప్ అది. శాటిలైట్ ఫొటోలో అనుమానంగా కనిపించిన రెండువందల పన్నెండు చోట్లకి ఒక మనిషి స్వయంగా నడిచి వెళ్ళి, కళ్ళారా చూసి టిక్కు పెట్టింది. ఆ మనిషిని నేనే.

సాయంత్రం దాకా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మార్చి 4

రెండువందల పన్నెండు కాదు. రెండువందల ఒకటి.

ఎక్కడో ఒకచోట రాయకపోతే ఊపిరాడదు కాబట్టి రాస్తున్నాను. ఆఖర్న మిగిలిపోయిన పదకొండు చోట్లకి నేను వెళ్ళలేదు. రెండున్నరేళ్ళ కిందటి మాట. మాంచి ఎండ. కొత్త చెప్పులు మడమ దగ్గర కరిచాయి. ఆఫీసుకి వచ్చి ఫ్యాన్ కింద కూర్చుని, ఒక్కో చోటునీ స్క్రీన్ మీద పెద్దది చేసి చూసి, 'స్వయంగా చూశాను' అన్న గడిలో టిక్కులు కొట్టుకుంటూ పోయాను. పావుగంట పట్టింది. ఏ తుఫానో, ఏ జ్వరమో అయితే కాస్త చెప్పుకోవడానికైనా ఉండేది. చెప్పు కరిచిందని మానేశాను.

ఇన్నాళ్ళూ అది గుర్తుకి రాలేదని రాస్తే ఈ డైరీ కూడా అబద్ధమే అవుతుంది. గుర్తొచ్చేది. గుర్తొచ్చినప్పుడల్లా వేరే పని చూసుకునేదాన్ని.

మార్చి 7

బ్రోషర్లో నా పరిచయం వేశారు: "రెండువందల పన్నెండు చోట్లకీ కాలినడకన వెళ్ళి..." సరేనని రిప్లై కొట్టాను.

మార్చి 11, మధ్యాహ్నం

ఆర్గనైజర్ అమ్మాయి వీడియో కాల్ చేసింది. ఆ అమ్మాయి మాటకి కామా ఉండదు. నా కీనోట్ అయ్యాక అయిదు నిమిషాలు ఒక 'యూజర్'ని స్టేజి ఎక్కిస్తారట. అంబులెన్స్ డ్రైవరు. పోయిన వానల్లో దారి తప్పి ఆలస్యంగా చేరాడట, పేషెంటు పోయాడట. మ్యాప్‌ని నమ్మకపోతే ఏమవుతుందో ఆయన నోటితోనే చెప్పిస్తే జనం కదిలిపోతారని ఆ అమ్మాయి అంచనా. ఆయన కూడా వెంటనే ఒప్పుకున్నాడట, పైవాళ్ళ కంట పడితే మళ్ళీ స్టీరింగ్ ఇస్తారేమోనని ఆశట.

ఎక్కడ దారి తప్పాడని అడిగాను. తనకి తెలీదంది.

నాకు అప్పుడే తెలిసిపోయింది. ఎలాగని అడిగితే చెప్పలేను.

మార్చి 13

ఆ డ్రైవరు మీద జరిగిన ఎంక్వయిరీ రిపోర్టు తెప్పించుకుని చూశాను. నూట నలభై ఏడో పాయింటు. ఆ పదకొండులో ఒకటి.

వాటర్ ట్యాంక్ వెనక గుట్ట. పైన ఆరు ఇళ్ళు. మ్యాప్‌లో సందు తిన్నగా పైదాకా పోతుంది, బండి వెళ్తుందని ఉంది. అసలు అక్కడున్నవి మెట్లు. ఈరోజు ఆటో చేసుకుని వెళ్ళి చూశాను, రెండున్నరేళ్ళకి. మెట్ల మీదికి చెట్లు గొడుగులా కమ్ముకుని ఉన్నాయి. పైనుంచి తీసిన ఫొటోలో ఆ నీడే నాకు రోడ్డులా కనిపించింది.

రిపోర్టులో ఉన్నది ఇదీ. మిట్టమధ్యాహ్నం, కుండపోత వాన. పైఇంట్లో ఉండే టైలరుకి గుండె నొప్పి. బండి మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇరుకు సందులోంచి రివర్స్‌లో వచ్చి, గుట్ట చుట్టూ తిరిగి వెళ్ళేసరికి పద్నాలుగు నిమిషాలు. అక్కడ మెట్లున్నాయని డ్రైవరు మొదట్లో గట్టిగానే చెప్పాడు. ఎంక్వయిరీ ఆఫీసరు మ్యాప్ తీసి ముందు పెట్టాడు. ఇదిగో రోడ్డు, ఇదిగో స్వయంగా చూసిన మనిషి సంతకం. నువ్వు వేరే సందులో దూరి ఉంటావు అన్నాడు. వెళ్ళి చూసినవాడు ఒక్కడూ లేడు. 'డ్రైవరు నిర్లక్ష్యం' అని తేల్చారు. మూడు నెలలు సస్పెన్షన్. ఇప్పుడు స్టోర్ రూంలో దుప్పట్లు మడతపెడుతున్నాడు. ఆ తర్వాత ఆ ఆరు ఇళ్ళలో ఎవరికీ అంబులెన్స్ అవసరం పడలేదు. లేకపోతే ఈపాటికి బయటపడేది.

పేజీ కింద నా పొట్టి సంతకం. ఎంత బాగా పెట్టానో.

మార్చి 14

డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు. మ్యాప్‌లో ఆ గీత ఒక్కటి చడీచప్పుడు లేకుండా సరిచేసెయ్యమన్నారు. ఆ కేసు ముగిసిపోయింది, ఆ టైలరు ఎలాగూ బతికేవాడు కాదేమో, ఆరు రోజుల్లో కాన్ఫరెన్స్ పెట్టుకుని ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకన్నారు.

బయటికొచ్చాక గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ దిగింది. అది నిజం.

మార్చి 16

మా ఆయన బట్టలు మడతపెడుతూ స్పీచ్ విన్నారు. బాగుందన్నారు. మధ్యలో నీళ్ళు నములుతున్నావేంటి అన్నారు. దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టగానే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మార్చి 19, సాయంత్రం

రిహార్సల్. ఆ డ్రైవరు వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో నాలుగు మడతల కాగితం. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. తను చదవబోయేదాంట్లో నాకు ఇబ్బంది కలిగించే మాటేమైనా ఉంటే కొట్టేయమని కాగితం చేతికిచ్చాడు.

"మీ మ్యాపు కరెక్టే మేడమ్. వాన కదా, అద్దం సరిగ్గా కనపళ్ళేదు. నేనే ఒక సందు ముందు తిప్పేసుంటాను. మొదట్లో మీ మ్యాపు తప్పని అనేశాను. ఏమనుకోకండి."

పర్లేదు అన్నాను.

పర్లేదు! అతన్ని నేను క్షమించాను.

మార్చి 20, మధ్యాహ్నం రెండు

చెప్పేశాను. చెప్పేశానని అందరూ అనుకుంటున్నారు.

శాటిలైట్ అధిపతి ఆకాశం నుంచి చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టొచ్చన్నాడు. ప్రొఫెసరు టైం అయిపోయిందని మూడుసార్లు చీటీ పంపినా ఆగలేదు. నా వంతు వచ్చింది. మూడో స్లైడ్ దగ్గర నోరు దానంతటదే దారి మార్చింది. ఇందులో పదకొండు చోట్లకి నేను వెళ్ళలేదు, వెళ్ళానని రాశాను, వాటిలో ఒకటి తప్పని తేలింది అన్నాను.  తల వంచుకుని నిలబడ్డాను, ఎవరేమన్నా పడదామనుకున్నాను. చప్పట్లు కొట్టారు! వెనక వరసలు లేచి నిలబడ్డాయి. ప్రొఫెసరు మైకు లాక్కుని, నిజాయితీ అంటే ఇదీ అన్నాడు.

ఏ చోటో చెప్పలేదు. దానివల్ల ఎవరికి ఏమైందో చెప్పలేదు. ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి. గొంతు దాకా వచ్చాయి. ఆ చప్పట్లలో మింగేశాను.

తర్వాత అతన్ని పిలిచారు. కాగితం మడతలు విప్పి, ఉన్నది ఉన్నట్టు చదివాడు. తప్పు నాది, ఒక ప్రాణం పోయింది, మ్యాప్‌ని నమ్మి ఉండాల్సింది. నా మాటలకీ తన మాటలకీ ముడి ఉందని అతనికెలా తెలుస్తుంది? పక్కనే సోఫాలో వాటర్ బాటిల్ పట్టుకుని కూర్చున్నాను. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

ఈ చేతులతోనే రాస్తున్నాను.

అదే రోజు, సాయంత్రం అయిదు

భోజనాల హాల్లో అతన్ని వెతుక్కున్నాను. ఓ మూల నిలబడి తింటున్నాడు. ఇద్దరు నన్ను సెల్ఫీ అడిగితే తోసుకుని వెళ్ళాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. గుట్ట, మెట్లు, నూట నలభై ఏడు, నా సంతకం, అన్నీ కలగాపులగంగా చెప్పాను. అతను ప్లేటు కిటికీ గట్టు మీద పెట్టాడు. తిడతాడని చూశాను.

"అంటే ఆ రోజు నేను సరిగ్గానే తిప్పానా?"

"సరిగ్గానే తిప్పారు. అక్కడ రోడ్డు లేదు."

మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా అడిగాడు. జేబులోంచి ఫోను తీసి ఎవరికో కలిపి, మా ఆవిడ, మీరే చెప్పండి, నేను చెప్తే నమ్మదు అంటూ నా చేతిలో పెట్టాడు. ఆ వానల నుంచీ ఇంట్లో నిద్రలో కూడా స్టీరింగ్ తిప్పుతున్నాడట, ఆవిడే అంది. మొత్తం చెప్పాను.  ఆఖర్న ఆవిడ, ఇది మీకెప్పుడు తెలిసిందని అడిగింది. పదమూడున అన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు.

"మరి పొద్దున ఆయన చేత ఆ కాగితం ఎందుకు చదివించారమ్మా?"

   నేను ఫోను అతనికిచ్చేశాను.

మార్చి 24, సోమవారం

ఎంక్వయిరీ మళ్ళీ తెరవమని పొద్దున్నే అంబులెన్స్ వాళ్ళ ఆఫీసులో ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చాను. టైలరు ఇంటివాళ్ళకి కూడా ఒకటి రాశాను. డైరెక్టరు గారు నాతో మాట్లాడటం లేదు.

ఇప్పుడు నూట నలభై ఏడు తప్పని ఫారం నింపుతున్నాను. 'పొరపాటుకు కారణం' దగ్గర ఎంచుకోవడానికి ఇచ్చారు: మబ్బు. పాత ఫొటో. సిగ్నల్ లోపం. పరికరం లోపం. ఇతరములు.

ఇతరములు నొక్కాను. చిన్న గడి తెరుచుకుంది.

వెళ్ళలేదు.